ఎడమ పురి తాడు

“తాడు పేనడం మీకు వచ్చా మేడమ్?” అని ఫోన్లో అడిగారు రమేష్ మాస్టారు. వచ్చన్నాను. అయితే మీరు తప్పకుండా రావాలన్నారు. రాజాం పక్కన ఒక ప్రైవేటు స్కూల్లో ఆయన సోషల్ చెబుతారు. శ్రీకాకుళం దారిలో పాడుబడి ఉన్న ధర్మసత్రాన్ని ఆ స్కూలు కమిటీ తీసుకుని, సున్నం వేయించి, పెంకులు మార్పించిందట. ప్రతి శనివారం ఒక క్లాసు పిల్లల్ని బస్సులో అక్కడికి తీసుకెళ్లి, పూర్వం దిక్కులేనివాళ్లు సత్రంలో ఎలా బతికేవాళ్లో చూపిస్తున్నారట. పిల్లలు గోగునార తాడు పేనుతారు, గంజి తాగుతారు, సర్టిఫికెట్ పుచ్చుకుని ఇంటికెళతారు. “పేదరికం అంటే ఏటో మా పిల్లలకి అస్సలు తెలీదండీ. పుస్తకంలో చదివితే ఏం తెలుస్తాది? అందుకే ప్రాక్టికల్‌గా చూపిస్తన్నాం” అన్నారాయన. గొంతులో కపటం లేదు. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. పేదరికం చూపించడానికి మా జిల్లాలో బస్సు కట్టించుకుని వెళ్లాలా? తెల్లారి ఆ స్కూలు గేటు దగ్గర నిలబడితే చాలు. గదులు తుడిచి వెళ్లే ఆయాలు కనిపిస్తారు. పదిమంది పట్టే ఆటోలో పాతికమంది కూర్చుని కూలికి పోయే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లు చరిత్ర కాలేదు కాబట్టి వాళ్లని చూపించడానికి ఎవరూ టిక్కెట్టు పెట్టరు.

అయినా వస్తానన్నాను. ఆ సత్రం గుమస్తా మా నాన్న. గేటు పక్కన రెండు గదుల్లో మేం కాపురం ఉన్నాం. నేను పుట్టిందీ, పదేళ్లు వచ్చేదాకా పెరిగిందీ అక్కడే. తర్వాత ముప్పై అయిదేళ్లు విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని ఇతరుల వార్తలు దిద్దాను. నా సొంత వార్త దగ్గరికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. రమ్మని పిలిచినవాళ్లు లేరన్నది ఒక సాకు. ఇప్పుడు పిలిచారు.

నేను వెళ్లేసరికి పిల్లల బస్సు ఇంకా రాలేదు. వాకిట్లో ఒక ముసలావిడ నార కట్టలు విప్పి, తడిపి, వరసగా పరుస్తోంది. తెల్లజుట్టు ముడేసుకుంది, చేతులు సన్నగా, గట్టిగా ఉన్నాయి. పని ఆపి లేచి, వరండాలో కట్టిన పెద్ద ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి, దాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. గుడిలో గడప తాకినట్టే. తర్వాత నన్ను చూసి, ఎవరని అడిగింది. ఫలానా గుమస్తా గారి కూతుర్నని చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసింది.

“కామేసమ్మవా? ఓలమ్మ, తల నెరిసిపోనాదే. నాను పైడమ్మని. సూరమ్మ కూతుర్ని. నూతి కాడ మనం గవ్వలాట ఆడుకునేవోళ్లం, గ్నాపకం నేదా?”

జ్ఞాపకం లేకపోవడమేమిటి. ఆ పేరు నేను అరవై ఏళ్లుగా ఎవరి దగ్గరా ఎత్తలేదు, అంతే. ఎప్పట్నుంచి ఇక్కడ పనిచేస్తున్నావని అడిగాను. పిల్లలు వచ్చినరోజు వచ్చి తాడు పేనడం చూపిస్తానంది. ఇప్పటికి మూడు శనివారాలు వచ్చిందట. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఫ్లెక్సీ దగ్గరికి లాక్కెళ్లింది. “ఇదుగో సూడు. ఇందులో మాయమ్మ పేరున్నాదంట. మొన్నొక ఇస్కూలు గుంట సదివి సెప్పింది, సూరమ్మ, కలింగపట్నం అని. ఇన్నాళ్లకి మాయమ్మ పేరు గోడకెక్కింది కామేసమ్మా. రోజూ ఒచ్చి దండమెట్టుకుందారంటే గేటు తియ్యరు. శనోరం దాకా ఆగాల.”

నేను చదివాను. అది నాన్న దస్తూరీ. తలకట్లు పొడుగ్గా పక్కకి లాగే అలవాటు ఆయనది. సత్రం పుస్తకంలో ఒక పేజీని ఫొటో తీసి మనిషెత్తున అచ్చు వేయించారు. పైన స్కూలువాళ్ల శీర్షిక, ఎర్ర అక్షరాల్లో: నిజాయితీ లేనివారికి చోటు లేదు. కింద వరసగా పేర్లు, ఊళ్లు, కారణాలు. నాలుగో వరసలో ఇలా ఉంది: సూరమ్మ, కళింగపట్నం. తాడు కొలతలో మోసము. పిల్లతో సహా బయటకు పంపడమైనది.

“అదే కదూ మాయమ్మ పేరు?” అంది పైడమ్మ, నాలుగో వరస మీద కాకుండా ఆరో వరస మీద వేలు పెట్టి. అవునన్నాను. ఇంకేమైనా రాశారా అని అడిగింది. ఇంతలో బస్సు హారన్ వినిపించింది. ఆవిడ నార దగ్గరికి వెళ్లింది. నేను జవాబు చెప్పకుండా బతికిపోయాను, అప్పటికి.

ఆ సత్రం సంగతి చెప్పాలంటే ముందు వాసన గురించి చెప్పాలి. గోగు కోసి, కట్టలు కట్టి, గుంటల్లో ఊరబెడతారు. పదిహేను ఇరవై రోజులకి కాడ మురిగి నార ఊడుతుంది. ఆ నీళ్ల వాసన మా ఊరి మీద కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా దుప్పటిలా ఉండేది. చుట్టాలు వస్తే ముక్కుకి పైట అడ్డం పెట్టుకునేవాళ్లు. మాకు అది వాసనని కూడా తెలీదు. చదువుకోవడానికి విశాఖపట్నం వెళ్లాక, హాస్టల్లో నా పక్కమంచం అమ్మాయి నా పెట్టె తెరిచి, ఇందులో ఏం కుళ్లింది అని అడిగింది. ఏమీ కుళ్లలేదు. మా అమ్మ ఉతికి మడతపెట్టిన పరికిణీలు, అంతే.

నాన్న పొడుగు మనిషి. తెల్లవారకముందే నూతి దగ్గర చన్నీళ్ల స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చద్దన్నంలో మాగాయ కలుపుకుని తిని, భుజాన కండువాతో సత్రం అరుగు మీదికి వెళ్లేవాడు. ఆయనకి ప్రపంచమంతా మూరలూ జానలూ బెత్తెలుగా కనిపించేది. కట్టెల మోపు, అమ్మకి కొన్న చీర, మల్లెపూల దండ, అన్నీ మోచేతి నుంచి నడివేలి దాకా పెట్టి కొలిచేవాడు. నేను ఎదిగింది కూడా ఆ చేతితోనే లెక్క. రెండు మూరల జానెడు అయ్యావే అని మురిసిపోయేవాడు. ఆ చెయ్యి నా వీపు మీద ఆనుతుంటే నాకు ఎంతో ధైర్యంగా ఉండేది. ఇది కూడా రాయాలి. ఆయన చెడ్డవాడని రాసేస్తే నాకు పని తేలికైపోతుంది.

సత్రం కట్టించింది నార వ్యాపారం చేసే శావుకారు. వెనకవైపు ఆయన గొడౌను. గుమ్మం పైన రాతిపలక మీద ‘పని చేయగలవారు పని చేసి తినవలెను’ అని చెక్కించాడు. ఊళ్లో పెద్దమనుషులు ఆ పలక చూసి, ఇదీ అసలైన ధర్మం, ఊరికే పెడితే సోమరులు తయారవుతారు అని మెచ్చుకునేవాళ్లు. లోపల జరిగేది ఇది. పొద్దున్న రాగులతో కాచిన చోడంబలి పోస్తారు. మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఒంట్లో ఓపికున్నవాళ్లు ముప్పై మూరల తాడు పేనాలి, ముసలివాళ్లు ఇరవై. గంట కొట్టాక ఒక్కొక్కరే తాడు తెచ్చి అరుగు మీద పెడితే నాన్న కొలిచేవాడు. సరిపోతే గంజన్నం, ఉప్పు, ఉల్లిపాయ. తగ్గితే గంజీ తగ్గుతుంది. చిన్నపిల్లలకి పని లేదు, తల్లి తాడు మీదే వాళ్ల తిండి. తల్లి తాడు తగ్గితే కోత ముందు పిల్ల గిన్నెలో పడేది. తల్లులు రేపు ఇంకా తొందరగా పేనుతారని ఆ ఏర్పాటు. దాన్ని ఆలోచించినవాడెవడో గాని, తల్లుల గురించి బాగా తెలిసినవాడు.

ఆ తాడు ఎక్కడికి పోయేదో పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు. శావుకారి బళ్ల మీద బయటికి పోయేది. కూలి ఇచ్చి పేనించాల్సిన తాడుని ఆయన గంజి పోసి పేనించుకున్నాడు, పైగా దాత అనిపించుకున్నాడు. దీనికి ధర్మసత్రమని పేరు. ఊరు మొత్తం నమ్మింది. మేమూ నమ్మాం, అందులో బతుకుతూ.

ముసలమ్మలకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని, నాలుగు దమ్ములు లాగితేనే గాని వాళ్లకి చేతులు కదలవు. నార దగ్గర నిప్పు కూడదని నియమం. నూతి వెనకాల చేరి, నిప్పు లోపలికి, చుట్ట బయటికి పెట్టుకుని, పొగ కనిపించకుండా తాగేవాళ్లు. ఒకావిడ నాన్న వస్తుంటే మొత్తం చుట్ట నోట్లోకి లాక్కుని, “ఏటి బాబూ, బాగున్నారా” అని ముక్కుతో పలికేది. మిగతా అందరూ పైటలు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు. నాన్నకీ నవ్వొచ్చేది. కాని ఆ మధ్యాహ్నం ఆవిడ గంజి సగం చేసేవాడు. నవ్వుకి నవ్వూ నియమానికి నియమమూ అనేవాడు అమ్మతో.

సూరమ్మ మొగుడు వేటకి వెళ్లి సముద్రంలో పోయాడు. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే పనిచేస్తూ కొన్నాళ్లు లాగి, అదీ లేకపోయాక పదేళ్ల పిల్లని తీసుకుని మా సత్రానికి వచ్చింది. ఉప్పుకి ఆమె అరచేతులు ఎండిన చెరువులా పగిలి ఉండేవి. ఆ పగుళ్లలోకి నార నీళ్లు దిగితే చీము పట్టేది. మిగతావాళ్లు కబుర్లు చెప్పుకుంటూ పేనేసే తాడుని ఆమె పళ్లు బిగించి పేనేది. ఎప్పుడూ రెండు మూడు మూరలు తగ్గేది. పైడమ్మ గిన్నె ఎప్పుడూ పలచగా ఉండేది. మా ఇద్దరికీ జత కుదిరింది. సముద్రపొడ్డు నుంచి తల్లి పైటకొంగులో కట్టుకొచ్చిన గవ్వలు దాని దగ్గరుండేవి. ఆడుతూ ఆడుతూ అది మా వంటింటి వైపు చూసేది. అడిగేది కాదు. నేను పెట్టింది తినేది, పెట్టనప్పుడు ఆట ఆడేది.

ఒకరోజు సూరమ్మ చేతులకి గుడ్డలు చుట్టుకుని కూర్చుంది. గుడ్డలు తడిసి పసుపుపచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నం దగ్గర పడుతోంది, తాడు ఇంకా నాలుగు మూరలైనా తక్కువ ఉంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పేనడం ఎవరూ నేర్పలేదు, చూసి చూసి వచ్చేసింది. గుప్పెడు నార తీసుకుని మా పెరట్లో పశువుల గాడి వెనక కూర్చుని నాలుగు మూరలు పేనాను. నా మూరలు కావు, నాన్న మూరలు, గుర్తుపెట్టుకుని. నూతి దగ్గర సూరమ్మకి ఇచ్చాను. ఆమె వద్దంది. “మీ నాన్న సూస్తే నీకు దెబ్బలు, నాకు గెంటుళ్లు. ఎల్లిపో గుంటా” అంది. నేను అక్కడ పడేసి పారిపోయాను. ఆమె ఏం చేస్తుంది, పైడమ్మకి ఆ ముందురోజు కూడా సగం గిన్నే పడింది. అతుకు వేసింది.

నాకు తెలియనిది ఒకటుంది. నాది పుర్రచేతి వాటం. రెండు పాయలు అరచేతుల మధ్య పెట్టి కుడి చేతిని ముందుకి తోస్తే ఒక వైపు పురి పడుతుంది, ఎడమ చేతిని తోస్తే రెండోవైపు. సత్రంలో అందరిదీ కుడి పురి. నాది ఎడమ పురి. ఆ రెండూ అతికితే అతుకు దగ్గర తాడు తనంతట తనే విప్పుకుంటుంది. అన్నం తినేటప్పుడు నా ఎడమచెయ్యి ముందుకొస్తే నాన్న గరిటె కాడతో వేళ్ల మీద కొట్టేవాడు. అంటే ఆ ఊళ్లో ఆ చెయ్యి సంగతి ఆయన కంటే బాగా ఎరిగినవాళ్లు లేరు.

నేను మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాన్న కొలుస్తున్నాడు. ఇరవై అయిదు, ఇరవై ఆరు. చెయ్యి ఆగింది. వేలితో అతుకు తడిమాడు. కొసని వెలుతురుకి పెట్టి చూశాడు. తర్వాత తలెత్తి నావైపు చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలీదు. చూశాడు మాత్రం.

“ఇది ఎవరు పేనారు సూరమ్మా?”

“నానే బాబూ.”

“నీది కుడి పురి. ఇది ఎడమ పురి. చేతులు మార్చి పేనావా?”

“మార్చినాను బాబూ. కుడిసెయ్యి నొప్పెడతంటే మార్చినాను.”

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. పొట్ట కాలుతున్నవాళ్లు, రోజూ ఆమె పక్కన కూర్చుని పేనేవాళ్లు. వాళ్ల గిన్నెలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి మరి. నాన్న గుప్పెడు నార ఆమె ముందు పెట్టించాడు. “అయితే ఇక్కడ పేను. ఎడమ చేత్తో. ఒక్క మూర పేను, చాలు” అన్నాడు. ఆమె గుడ్డలు విప్పింది. పాయలు నిలవలేదు. నార ఎర్రబడింది. మూడుసార్లు ప్రయత్నించి ఊరుకుంది. ఎవరిచ్చారని నాన్న అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని అడగలేదు. నేను గుమ్మం వదలలేదు, నోరూ విప్పలేదు. నేను పేనాను నాన్నా అనే మూడు మాటలకి పదిహేను అడుగుల దూరం అడ్డం ఉంది. ఎనిమిదేళ్ల పిల్లకి భయం ఉండదా అంటారు. ఉంటుంది. పదెనిమిదేళ్లకీ నలభైకీ కూడా ఆ భయమే ఉంటుందా?

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు గేటు దాటి శ్రీకూర్మం వైపు నడిచి వెళ్లారు. ఆ రాత్రి కంచం ముందు నా ఎడమచెయ్యి ముందుకొచ్చింది. నాన్న గరిటె ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. అంతకు మించి ఆయన ఒప్పుకున్నది లేదు.

నేను పత్రికలో చేరిన కొన్నేళ్లకి, ఆయన మంచాన పడ్డాక, ఒకసారి అడిగాను. ఆ తాడు నాదని తెలిసి కూడా ఎందుకు అలా చేశావని. గోడవైపు తిరిగి, “నియమం నేను పెట్టలేదమ్మా. నేను కొలిచానంతే” అన్నాడు. ఆ మాట మీద నాకు ఇంకా కోపం చల్లారలేదు. చల్లారకపోవడానికి కారణం ఆయన ఒక్కడే కాదు. ఆ ఏడాదే ఏజెన్సీ కొండల నుంచి మా విలేఖరి ఒక వార్త పంపాడు. ఒక ముసలివాడు మూడు రోజులు పొయ్యి వెలిగించక గుడిసెలో చనిపోయాడని. ఆకలి చావు అని రాశాడతను. అధికారులు అనారోగ్యం అంటున్నారు, అలాగే వెయ్యి అన్నారు పైవాళ్లు. ఆకలి కొట్టేసి అనారోగ్యం అని దిద్దింది నా చెయ్యే. నియమం నేను పెట్టలేదు. నేను దిద్దానంతే.

ఇక ఆ శనివారం సంగతి. నలభై మంది పిల్లలు తెల్ల బూట్లతో దిగారు. రమేష్ మాస్టారు వాళ్లని వరసగా కూర్చోబెట్టి, పైడమ్మ పేనుతుంటే చూడమన్నారు. చూశారు, నవ్వారు, పేనారు. ఒకమ్మాయికి అరచెయ్యి ఎర్రబడితే మేడమ్ ఒకావిడ పరుగున వచ్చి క్రీము రాసింది. ఎవరి తాడు పొట్టిగా ఉంటే వాళ్లకి గంజి కట్ అని మాస్టారు సరదాగా అన్నారు, పిల్లలు గోల చేశారు. తర్వాత అందరికీ గంజి పోశారు. మజ్జిగ, కరివేపాకు, వేయించిన జీడిపప్పు వేసిన గంజి. పేదవాళ్ల తిండి ఇంత బాగుంటుందా అని ఒకడు రెండోసారి పోయించుకున్నాడు. పిల్లల తప్పు ఏముంది? మనం వాళ్లకి చూపించిందే అది.

పైడమ్మకి గంజి పోయడం ఎవరికీ గుర్తు రాలేదు. నేను గ్లాసు తీసుకెళ్లి ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాను. కొడుకు హైదరాబాదులో బిల్డింగు పనికి పోయాడంది. కోడలు ఉపాధి పనిలో చెరువు మట్టి తవ్వుతోందట. “అక్కడా టేపు ఎడతారు. గొయ్యి లోతు తగ్గిందంటారు, కూలి తగ్గిస్తారు. రాయి అడ్డమొచ్చింది బాబూ అంటే రాయి సంగతి మాకు తెల్దు, కొలత ఇదే అంటారు. పొద్దున్న హాజరుకి ఫోన్లో మొకం సూపించాల. సిగ్నల్ నేకపోతే ఆ రోజుకి పని సేసినట్టు కాదు.” ఏమీ విశేషం చెబుతున్నట్టు కాకుండా చెప్పింది. నేను వరండాలో పిల్లలవైపు చూశాను. ఒకప్పుడు ఇలా ఉండేది అని మాస్టారు చెబుతున్నారు. ఉండేది, చేసేవారు, తినేవారు. ఆయన నోట్లో అన్నీ అయిపోయిన క్రియలే.

తర్వాత నన్ను పరిచయం చేశారు. ఈ సత్రాన్ని ఎంతో క్రమశిక్షణతో నడిపిన గుమస్తా గారి అమ్మాయి అని. రెండు మంచి మాటలు చెప్పమన్నారు. నేను నోరు తెరిచేలోగా ముందువరసలో రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది. ఫ్లెక్సీ వైపు చూపించి అడిగింది. “ఆంటీ, వీళ్లెందుకు మోసం చేసేవాళ్లు? పని చేస్తే అన్నం పెడతారు కదా?”

నిష్కల్మషమైన ప్రశ్న. నా వెనక నార తడుపుతున్న చప్పుడు ఆగింది.

“ఏటంటంది ఆ గుంట?” అంది పైడమ్మ. “ఎవరు మోసం సేసినారంట?”

ఆవిడ లేచి వచ్చి ఫ్లెక్సీ ముందు నిలబడింది. “కామేసమ్మా, నువ్వు సదువుకున్నదానివి. సక్కగా సదువు. ఏటి రాసినారిక్కడ?”

మేడమ్, పిల్లలున్నారు అన్నారు రమేష్ మాస్టారు నెమ్మదిగా. పిల్లలున్నారు కాబట్టే చదివాను. ఎర్ర అక్షరాల శీర్షికతో మొదలుపెట్టి, నాలుగో వరస దాకా, ఒక్క మాట వదలకుండా చదివాను. పైడమ్మ తల కదల్చకుండా విన్నది. తర్వాత పిల్లలవైపు తిరిగి, ఆ నాలుగు మూరలు పేనింది నేను అని చెప్పాను. ఎలా పేనానో, మా నాన్న ఎలా పట్టుకున్నాడో, గుమ్మంలో నిలబడి నేనెలా ఊరుకున్నానో చెప్పాను. ఆమె మోసం చేయలేదు, ఆమె తాడు తక్కువైంది, ఎందుకంటే ఆమె చేతులు కుళ్లిపోయాయి. ఈ ఇంట్లో మోసం జరిగింది నిజమే. అది ఆ గొడౌన్లో జరిగింది, ఆ రాతిపలక కింద జరిగింది, చేసినవాళ్ల పేర్లు మాత్రం మీకు ఏ గోడ మీదా కనిపించవు అన్నాను. గొంతు పెరిగింది. ముప్పై అయిదేళ్లు డెస్కులో ఒక్కసారి కూడా పెరగని గొంతు.

పైడమ్మవైపు చూడలేక చూశాను. “నువ్వు పేనింది నాకు తెలుసు” అంది.

“ఎవరు చెప్పారు?”

“మాయమ్మే. శ్రీకూర్మం మెట్ల కాడ అడుక్కునేటప్పుడు సెప్పింది. నాను మీ నాన్న కాడికి ఎల్లి సెప్తానన్నాను. వద్దే, ఆ గుంటని సంపేస్తాడంది. నిన్ను కొట్టేస్తారని ఊరుకున్నాది మాయమ్మ.” మళ్లీ ఫ్లెక్సీవైపు చూసింది. “అది తెలుసు గాని, ఇది తెల్దు. మూడు శనోరాలు దీనికి దండమెట్టినాను. ఇంతమంది సదువుకున్నోళ్లున్నారు, ఒక్కరు సెప్పనేదు.”

రమేష్ మాస్టారి మొహం పాలిపోయింది. ఆయన ఆవిడ ఎవరో తెలియక చేశారు. తెలుసుకోవాలని తోచకపోవడమే నేరం. కమిటీకి చెబుతానన్నారు. సోమవారం మీటింగ్ ఉంది, తీర్మానం రాయించి తీయిద్దాం అన్నారు.

పైడమ్మ నడుంలోంచి తాడు కొసలు కోసే చిన్న కొడవలి తీసింది. ఫ్లెక్సీ నాలుగు మూలలా నైలాను తాళ్లు ఉన్నాయి. తొందర లేకుండా ఒక్కొక్కటే కోసింది. నేను రెండో కొస పట్టుకున్నాను.

“అమ్మా, అది స్కూలు వస్తువు” అన్నారు మాస్టారు.

“పేరు మాయమ్మది” అంది ఆవిడ.

పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. రెండు జడల అమ్మాయి లేచి మూడో కొస పట్టుకుంది. ముగ్గురం కలిసి మడతపెట్టాం. పైడమ్మ దాన్ని చంకన పెట్టుకుని, గట్టి గుడ్డేనని వేళ్లతో నలిపి చూసి, ఇంటి మీద పెంకులు లేచిపోయాయి, కప్పుకుంటానంది. “రాత ఉన్న పక్క వానకి తడవాల. అది పైకి ఎడతాను. ఎన్ని వానలకి పోద్ది?”

రెండు వానాకాలాలైనా పట్టవచ్చని చెప్పాను.

ఆ సాయంత్రమే ఆవిడకి కబురు వెళ్లింది, వచ్చే శనివారం నుంచి రానక్కర్లేదని. తాడు పేనడం చూపించడానికి ఇప్పుడు టీవీలో వీడియో పెడుతున్నారట. రమేష్ మాస్టారు నాకు ఫోన్ చేసి, వరండాలో ఆ చోటు ఖాళీగా ఉంచామని, ఏం రాయించాలో నన్నే రాసివ్వమని అడిగారు. ముందు పైడమ్మని మళ్లీ పిలవండి, ఆవిడ ఏం చెబితే అది రాయించండి అన్నాను. కమిటీని అడిగి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.

మొదటి వానలు వెలిశాక నేను ఆవిడ ఇంటికి వెళ్లాను. ఫ్లెక్సీ కప్పు మీద పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టి ఉంది. నన్ను చూడగానే పైడమ్మ బయటికొచ్చి నా పక్కన నిలబడి పైకి చూసింది.

“పోయినాదా?”

ఎర్ర అక్షరాలు కొంచెం వెలిశాయి. నాన్న రాత నల్లగా, తలకట్లతో సహా, అలాగే ఉంది. ఆ మాటే చెప్పాను.

“అయితే ఇంకో వాన పడ్డాక రా” అంది. “నాకు సదవడం రాదు కదా. పోయిందో నేదో నువ్వే సెప్పాల.”